పెద్దపేగు క్యాన్సర్: కుడివైపా, ఎడమవైపా?

పెద్దపేగులో క్యాన్సర్ అని రిపోర్టు రాగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి మాట "ఏ స్టేజి?" అని. ఆ తర్వాత ఆపరేషన్ ఎప్పుడు, కీమో ఎన్నిసార్లు, ఖర్చెంత, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని అడుగుతారు. గడ్డ పేగులో ఏ వైపు ఉందన్నది సర్జన్ చూసుకునే సంగతిలే అని వదిలేస్తారు. ఎక్కడ కోయాలో తేల్చడానికి తప్ప ఆ వివరంతో మనకేం పని అనిపించడం సహజం. కానీ కొన్ని సందర్భాల్లో ఏ మందు పనిచేస్తుందో, ఏది డబ్బు దండగో, రోగి ఎన్నాళ్ళు ఉంటాడో అనే లెక్క ఆ ఒక్క వివరంతో మారిపోతుంది. అలాగని నెట్‌లో వెతికితే "కుడివైపు వస్తే ప్రమాదం, ఎడమవైపు అయితే నయం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది చదివి కుడివైపు గడ్డ ఉన్నవాళ్ళు బెంబేలెత్తిపోతారు. ఆ మాటలో నిజం సగమే. మిగతా సగం ఏమిటో చూద్దాం.

2016 జూన్‌లో, చికాగోలో జరిగిన అమెరికా క్యాన్సర్ వైద్యుల మహాసభలో ఈ విషయం గట్టిగా చర్చకు వచ్చింది. అప్పటికి అమెరికాలో 80405 అనే నంబరుతో ఒక పెద్ద ట్రయల్ నడిచింది. పెద్దపేగు క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకినవాళ్ళకు కీమోతో పాటు సెటుక్సిమాబ్ అనే మందు ఇస్తే మేలా, బెవాసిజుమాబ్ అనే ఇంకో మందు ఇస్తే మేలా అని తేల్చడం దాని ఉద్దేశం. తీరా చూస్తే రెండూ సమానంగా తేలాయి, ఒక గుంపులో సగటున 30 నెలలు, ఇంకో గుంపులో 29. (ఇక్కడ సగటు అంటే మధ్యస్థం, అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలమే బతికారు. ఈ వ్యాసంలో నెలల లెక్క వచ్చిన ప్రతిచోటా ఇది గుర్తుపెట్టుకోండి.) కాలిఫోర్నియా డాక్టర్ అలాన్ వెనూక్ బృందం అక్కడితో ఆగకుండా అదే రోగులను గడ్డ ఉన్న వైపును బట్టి విడదీసి చూసింది. ఎడమవైపు ఉన్న 732 మంది సగటున 33.3 నెలలు బతికారు. కుడివైపు ఉన్న 293 మంది 19.4 నెలలు. రెండు మందుల మధ్య ఒక్క నెల తేడా వెతుక్కుంటున్న ట్రయల్‌లో రెండు వైపుల మధ్య దాదాపు 14 నెలల తేడా బయటపడింది!

అసలు ఒకే గొట్టం కదా, వైపు మారితే ఇంత తేడా ఏమిటి?

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. కుడివైపు పొత్తికడుపులో, అపెండిక్స్ వేలాడే సీకం దగ్గర మొదలై పైకి కాలేయం కిందికి వెళ్తుంది, అక్కడ మలుపు తిరిగి పొట్టకు అడ్డంగా ఎడమవైపు ప్లీహం దాకా సాగి, మళ్ళీ మలుపు తిరిగి కిందికి దిగి, వంకర తిరిగిన సిగ్మాయిడ్ మీదుగా పురీషనాళంలో కలుస్తుంది. చూడటానికి ఒకటే అయినా, తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడు ఇది రెండు వేరే భాగాల నుంచి పుడుతుంది. సీకం నుంచి అడ్డపేగులో మూడింట రెండు వంతుల వరకూ చిన్నపేగుతో పాటు ఒక భాగం నుంచి, అక్కడి నుంచి కింది దాకా ఇంకో భాగం నుంచి. రెండింటికీ రక్తం తెచ్చే ధమనులు వేరు. లోపల తిరిగే పదార్థం వేరు, సూక్ష్మజీవుల తీరు వేరు. 1990లోనే బుఫిల్ అనే అమెరికన్ డాక్టర్ ఈ రెండు వైపులా వచ్చే క్యాన్సర్లు పుట్టే దారులు వేరు కావచ్చని రాశాడు గానీ, వైద్యంలో దాన్ని వాడటం మొదలవడానికి పాతికేళ్ళు పట్టింది.

తేడాలో కొంత భాగానికి కారణం చాలా మామూలుది, ఆలస్యం.

కుడివైపు పేగు వెడల్పుగా ఉంటుంది, అక్కడికి చేరేసరికి మలం ఇంకా నీళ్ళగానే ఉంటుంది. గడ్డ ఎంత పెరిగినా దారి సులభంగా మూసుకుపోదు. రక్తం కారుతుంది కానీ కొంచెం కొంచెంగా, మలంలో కలిసిపోయి, కంటికి కనపడకుండా. నెలల తరబడి అలా పోతూ ఉంటే మనిషికి తెలిసేది నీరసం, మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోవడం. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 7 అని వస్తుంది. "రక్తం తక్కువగా ఉంది" అని ఐరన్ మాత్రలు రాస్తారు, వాడితే కాస్త పెరుగుతుంది, ఆపితే మళ్ళీ పడిపోతుంది. మన దగ్గర ఇది ఎంత తేలిగ్గా తప్పించుకుపోతుందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం మందికి పైగా ఉన్నదాన్ని జబ్బు లక్షణంగా ఎవరు చూస్తారు? అయితే ముట్లుడిగిన ఆడవాళ్ళలో, మగవాళ్ళలో ఏ కారణం లేకుండా ఐరన్ తగ్గిందంటే రక్తం ఎటో పోతోందనే అనుకోవాలి, పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ రెండూ చేయించి చూడాలి. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్న నియమమే. పాటించేది తక్కువ. అరవై ఏళ్ళ నాన్నగారికి హిమోగ్లోబిన్ పడిపోతే దానిమ్మ రసం, ఖర్జూరం, బీట్‌రూట్ అంటూ ఆరు నెలలు గడిపేస్తాం.

ఎడమవైపు కథ వేరు. పేగు సన్నం, మలం గట్టి. గడ్డ కొంచెం పెరగగానే మలబద్ధకం, విరేచనం సన్నగా రావడం, వెళ్ళొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు ఉండటం, కంటికి కనపడే రక్తం. లక్షణాలు త్వరగా వస్తాయి కాబట్టి త్వరగా దొరకాలి. దొరకకపోతే దానికి కారణం మొలలు! రక్తం పడిందనగానే పైల్స్ అని మనమే తీర్మానించేసుకుంటాం. ప్రతి టౌన్‌లో బస్టాండు పక్కన "మొలలు, లూటీలకు ఆపరేషన్ లేకుండా వైద్యం" బోర్డు ఉంటుంది, స్కోపు పెట్టి లోపల చూసేవాళ్ళు మాత్రం అక్కడ ఉండరు. మన దేశంలో ఎడమవైపు లెక్కలోకే వచ్చే పురీషనాళపు క్యాన్సర్ వాటా ఎక్కువ, రోగుల వయసు తక్కువ. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2017లో ప్రచురించిన 800 మంది రోగుల లెక్కలో సగటు వయసు 47, అందులో 42 శాతం పురీషనాళానివే. కాబట్టి "ఎడమవైపు నయం" అనే మాట మన దగ్గర నిలబడాలంటే ముందు ఆ రక్తాన్ని మొలల ఖాతాలో వేయడం ఆపాలి.

ఆలస్యానికి ఇంకో కారణం కొలనోస్కోపీలోనే ఉంది. పాలిప్‌లు అంటే పేగు లోపలి గోడ మీద మొలిచే, తర్వాత క్యాన్సర్‌గా మారగల బొడిపెలు. ఎడమవైపు ఇవి ఎక్కువగా కాడతో, గుండ్రంగా, పొడుచుకు వచ్చి కనపడతాయి. కుడివైపు సెర్రేటెడ్ అనే రకం పాలిప్‌లు ఎక్కువ. ఇవి పేగు గోడకు అతుక్కుని బల్లపరుపుగా ఉంటాయి, రంగు చుట్టూ ఉన్న పొర రంగే, పైన పసుపుపచ్చటి జిగురు పొర ఒకటి కప్పి ఉంటుంది. దాన్ని నీళ్ళతో కడిగి, ఆగి, పరీక్షగా చూస్తే తప్ప అది మిగిలిపోయిన మలమనుకుని దాటిపోతారు. కెనడాలోని అంటారియోలో 2009లో వచ్చిన అధ్యయనం డాక్టర్లకే షాకిచ్చింది. కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్ళలో ఎడమవైపు క్యాన్సర్ చావులు బాగా తగ్గాయి, కుడివైపు చావులు అసలు తగ్గలేదు. తర్వాత 2011లో జర్మనీ నుంచి వచ్చిన లెక్క కాస్త ఊరటనిచ్చింది, ఎడమవైపు క్యాన్సర్ ముప్పు 84 శాతం తక్కువ, కుడివైపు 56 శాతం తక్కువ. అంటే టెస్టు కుడివైపూ పనికొస్తుంది, కాకపోతే చేసే చేతిని బట్టి, పేగు ఎంత శుభ్రంగా ఉందన్న దాన్ని బట్టి.

ఆ శుభ్రం సగం మన చేతుల్లోనే ఉంది. పేగు ఖాళీ చేయడానికి ఇచ్చే మందు నీళ్ళు మొత్తం ముందురోజు రాత్రే తాగేస్తే, తెల్లారేసరికి చిన్నపేగు నుంచి వచ్చే జిగురు మొదట పేరుకునేది కుడివైపే. అందుకే సగం రాత్రి, సగం టెస్టు రోజు తెల్లవారుజామున తాగమంటారు. నాలుగింటికి లేచి ఆ ఉప్పటి నీళ్ళు తాగడం ఎవరికీ ఇష్టం ఉండదు, తప్పదు. రిపోర్టు చేతికొచ్చాక స్కోపు సీకం దాకా వెళ్ళిందని రాశారా, అపెండిక్స్ రంధ్రం ఫోటో ఉందా, పేగు శుభ్రత గురించి రాశారా అని చూడండి. "ప్రిపరేషన్ సరిగా లేదు" అని ఉండి, కింద "నార్మల్ స్టడీ" అని ఉంటే ఆ నార్మల్‌ని నమ్మకండి.

ఆలస్యం లెక్క పక్కన పెట్టి, ఒకే స్టేజిలో దొరికినవాళ్ళను పోల్చినా తేడా మిగులుతుంది. 2017లో పెట్రెల్లి అనే పరిశోధకుడి బృందం 66 అధ్యయనాలను, అంటే 14 లక్షల పైచిలుకు రోగుల వివరాలను కలిపి చూస్తే, ఎడమవైపు వాళ్ళకు చావు ముప్పు 18 శాతం తక్కువగా తేలింది, స్టేజితో సంబంధం లేకుండా. ఇక్కడి నుంచి కారణాలు కణాల్లో వెతకాలి.

కుడివైపు గడ్డల్లో బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఎక్కువగా కనపడుతుంది. పాకిన దశలో ఈ మార్పు ఉంటే జబ్బు మొండిగా ఉంటుంది, మామూలు కీమోకు సరిగా లొంగదు. జిగురు తయారుచేసే రకం కణాలు కూడా కుడివైపే ఎక్కువ. పాకే తీరులోనూ తేడా ఉంది, కుడివైపువి పొట్ట లోపలి పొర మీదికి ఎక్కువగా పాకుతాయి, ఎడమవైపువి కాలేయానికి, ఊపిరితిత్తులకు. కాలేయంలో ఒకటి రెండు గడ్డలుంటే కోసి తీసేయొచ్చు, పొర మీద చల్లినట్టు పాకితే అది కష్టం. బ్యాక్టీరియా సంగతీ ఉంది. 2014లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు చూస్తే, కుడివైపు గడ్డల్లో 89 శాతం మీద బ్యాక్టీరియా దట్టమైన పొరలా పేరుకుని ఉంది, ఎడమవైపు 12 శాతం మీదే. అది క్యాన్సర్‌కు కారణమా, క్యాన్సర్ వల్ల వచ్చిందా అన్న వాదన వేరే.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. కుడివైపు గడ్డల్లోనే ఇంకో రకం కూడా ఎక్కువ. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే యంత్రాంగం పాడైన రకం అది, రిపోర్టులో ఎంఎస్ఐ-హై అనో డీఎంఎంఆర్ అనో ఉంటుంది. మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో ఇవి సుమారు 15 శాతం. తప్పులు వేలకొద్దీ పేరుకుపోవడంతో ఆ కణాలు మన రోగనిరోధక వ్యవస్థ కంట్లో ఇట్టే పడతాయి, గడ్డ చుట్టూ తెల్లకణాలు ముట్టడించి ఉంటాయి. అందుకే ఇవి రెండో స్టేజిలో దొరికితే ఆపరేషన్‌తోనే చాలామంది బాగుపడతారు, 5-ఎఫ్‌యూ అనే మందు ఒక్కటే కీమోగా ఇచ్చినా అదనపు లాభం కనపడదు. 2011లో అమెరికాలో 53,801 మంది వృద్ధ రోగుల రికార్డులు తిరగేసిన అధ్యయనం ఒకటుంది, అది పెట్రెల్లి లెక్కతో పూర్తిగా పొసగదు. మొత్తం మీద చూస్తే కుడి, ఎడమల మధ్య తేడా లేదు. స్టేజి వారీగా విడదీస్తే మాత్రం రెండో స్టేజిలో కుడివైపు వాళ్ళే కాస్త మెరుగు, మూడో స్టేజిలో ఎడమవైపు వాళ్ళు మెరుగు. ఇక నాలుగో స్టేజిలో అంతరం ఎంతో చికాగో లెక్కలో చూశాం. అంటే "కుడివైపు ప్రమాదం" అనే మాట ఏ స్టేజి గురించో చెప్పకుండా అంటే దానికి అర్థమే లేదు.

పాకిన దశలో ఈ ఎంఎస్ఐ-హై రకానికి కీమో అంతగా పనిచేసేది కాదు. 2020లో 307 మందితో జరిగిన కీనోట్-177 ట్రయల్‌లో కీమో బదులు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక వ్యవస్థతోనే క్యాన్సర్‌ను కొట్టించే మందు) ఇస్తే, జబ్బు ముదరకుండా ఆగిన కాలం 8.2 నెలల నుంచి 16.5 నెలలకు పెరిగింది. నెదర్లాండ్స్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. ఇంకా పాకని ఈ రకం గడ్డలున్న 111 మందికి ఆపరేషన్‌కు ముందే కొన్ని వారాల పాటు రెండు ఇమ్యునోథెరపీ మందులిచ్చి, తర్వాత కోసి చూస్తే 68 శాతం మందిలో బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. 2024లో వచ్చిన ఫలితం ఇది. చదివినప్పుడు నేను ఆ అంకె రెండుసార్లు చూసుకున్నాను. ఈ మందుల ధర మన దగ్గర మధ్యతరగతికి కూడా అందనంత ఉందన్నది వేరే బాధ.

కాబట్టి కుడివైపు అనగానే ఒకటే జబ్బు అనుకోవద్దు. బ్రాఫ్ మార్పు ఉండి తప్పులు దిద్దే యంత్రాంగం బాగానే ఉన్న మొండి రకమూ అక్కడే ఉంది, ఇమ్యునోథెరపీకి కరిగిపోయే రకమూ అక్కడే ఉంది. ఊరి పేరు చెప్పినంత మాత్రాన మనిషి గుణం తెలిసిపోదు, ఇదీ అంతే. ఆ మాటకొస్తే కుడి, ఎడమ అనే గీత కూడా మనం గీసుకున్నదే. 2012లో 1,443 గడ్డలను పేగు వెంబడి భాగాల వారీగా చూస్తే, ఎంఎస్ఐ, బ్రాఫ్ లాంటి మార్పులు పురీషనాళంలో 2.3 శాతం లోపు మొదలై మెల్లమెల్లగా పెరుగుతూ పైకెక్కే పేగుకు వచ్చేసరికి 36-40 శాతానికి చేరాయి. ప్లీహం మలుపు దగ్గర ఎక్కడా ఠక్కున మారలేదు. అడ్డపేగులో గడ్డ ఉన్నవాళ్ళను ఏ వైపు వేయాలో తెలియక చికాగో లెక్కలో పక్కన పెట్టేశారు, ఇంకో ట్రయల్‌లో కుడివైపు కలిపారు.

ఇన్ని మాటలున్నా వైపు వివరం చికిత్సకు నేరుగా పనికొచ్చే చోటు ఒకటుంది, అది నాలుగో స్టేజిలో మందు ఎంచుకోవడం. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు క్యాన్సర్ కణం మీదుండే ఈజీఎఫ్ఆర్ అనే స్విచ్‌ను ఆపుతాయి. రాస్ అనే జన్యువులో మార్పు ఉంటే ఇవి పనిచేయవు, దాదాపు సగం మందికి ఆ మార్పు ఉంటుంది కాబట్టి ముందు ఆ టెస్టు తప్పనిసరి. రాస్ మామూలుగా ఉన్నా కుడివైపు గడ్డలు ఈ స్విచ్ మీద అంతగా ఆధారపడవు. అదే 80405 ట్రయల్‌లో సెటుక్సిమాబ్ తీసుకున్నవాళ్ళలో ఎడమవైపు వాళ్ళు 36 నెలలు, కుడివైపు వాళ్ళు 16.7 నెలలు బతికారు. బెవాసిజుమాబ్ తీసుకున్న కుడివైపు వాళ్ళు 24.2 నెలలు. 2023లో వచ్చిన జపాన్ వాళ్ళ పారడైమ్ ట్రయల్ దీన్ని మొదటి నుంచీ వైపును లెక్కలో పెట్టుకునే పరీక్షించింది. ఎడమవైపు వాళ్ళకు పానిటుముమాబ్‌తో 37.9 నెలలు, బెవాసిజుమాబ్‌తో 34.3. కుడివైపు పానిటుముమాబ్ వల్ల లాభం కనపడలేదు. అందుకే ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు రాస్, బ్రాఫ్ రెండూ మామూలుగా ఉండి గడ్డ ఎడమవైపు ఉన్నవాళ్ళకే ఈ మందులను మొదటి విడతలో సిఫారసు చేస్తున్నాయి. కుడివైపు వాళ్ళకు ఎక్కువగా కీమోతో పాటు బెవాసిజుమాబ్ ఇస్తారు. దాని బయోసిమిలర్లను, అంటే దాదాపు అలాగే ఉండి అదే పనిచేసే మందులను, మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, డాక్టర్ రెడ్డీస్ కూడా తయారుచేస్తున్నాయి. బ్రాఫ్ మార్పు ఉన్నవాళ్ళకు దాన్ని గురిపెట్టే ఎన్‌కొరాఫెనిబ్‌ను సెటుక్సిమాబ్‌తో కలిపి ఇవ్వడం 2020 నుంచి అమెరికాలో ఆమోదం పొందిన చికిత్స. అక్కడ మళ్ళీ కుడివైపు వాళ్ళకు కూడా సెటుక్సిమాబ్ పనికొస్తుంది, ఇంకో మందు తోడుగా.

నా అభిప్రాయం ఏమిటంటే, జన్యు పరీక్షలు అందరికీ అందితే ఈ కుడి ఎడమల గొడవ చాలావరకు పోతుంది. కానీ ఆ పరీక్షలన్నీ చేయించలేని ఇళ్ళలో, అంటే మన దగ్గర చాలా ఇళ్ళలో, పైసా ఖర్చు లేకుండా దొరికే సమాచారం గడ్డ ఉన్న చోటే. వాడుకోవాలి. చేయించగలిగితే ముందుగా ఎంఎంఆర్ పరీక్ష, అంటే ఆ తప్పులు దిద్దే యంత్రాంగం బాగుందో లేదో చూసేది, అడగండి. నాలుగు ప్రొటీన్లకు రంగు వేసి చూసే ఈ పరీక్ష మిగతా జన్యు పరీక్షలతో పోలిస్తే చవక, ఏ స్టేజి వాళ్ళకైనా పనికొస్తుంది. పైగా అది తేడాగా వస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో చూస్తారు. అది ఉంటే రోగి తోబుట్టువులకు, పిల్లలకు చిన్న వయసు నుంచే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొలనోస్కోపీ అవసరమవుతుంది. యాభై లోపు వయసులో కుడివైపు క్యాన్సర్ వచ్చి, ఇంట్లో ఇంకెవరికైనా పేగు క్యాన్సర్ గానీ గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ గానీ ఉండి ఉంటే ఈ పరీక్ష వాయిదా వేయొద్దు. పాకిన దశ అయితే రాస్, బ్రాఫ్ కూడా అడగాలి.

వీటికోసం కొత్తగా మళ్ళీ ముక్క తీయాల్సిన పని చాలాసార్లు ఉండదు. బయాప్సీ చేసినప్పుడో, ఆపరేషన్‌లోనో తీసిన ముక్కను మైనంలో పెట్టి ల్యాబ్‌లో దాస్తారు, దాన్ని బ్లాక్ అంటారు. ఏళ్ళ తర్వాత కూడా దాని మీద పరీక్షలు చేయొచ్చు. ఆసుపత్రి మారేటప్పుడు జనం ఫైలు, స్కాన్ సీడీలు తీసుకుని బ్లాక్ సంగతి మర్చిపోతారు. పాథాలజీ కౌంటర్‌లో ఒక దరఖాస్తు రాసిస్తే ఇస్తారు, దాని మీద నంబరు బయాప్సీ రిపోర్టులోని నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకుని తీసుకోండి.